బందరు కోట
(మన డయాసిస్ శతవార్షికోత్సవముల సందర్భమున డోన్ సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఒక కోటను గూర్చి మాట్లాడుదుమని మేము చెప్పినప్పుడు, కర్నూలు కొండారెడ్డి బురుజునో, గుత్తి దుర్గమునో గూర్చి చెప్పుదుమని చాలామంది అనుకొనిరి. అవి మనకు తెలిసిన కోటలు. మన సీమలో కోట అంటే కొండమీద ఉండవలెను. రైలులో గుంతకల్లు దిక్కు పోవునప్పుడు కిటికీలోనుండి గుత్తి గుట్టను చూచిన పిల్లవానికి కోట అంటే ఏమిటో మరెవ్వరును చెప్ప నక్కరలేదు. కాని మేము చెప్పబోవు కోట ఎత్తున లేదు. దానికి కొండ లేదు, గుట్ట లేదు, చూతమంటే చుట్టుప్రక్కల ఒక బండ కూడ లేదు. ఒక ప్రక్క సముద్రపు పాయ, తక్కిన ప్రక్కల చిత్తడి నేల. అది మచిలీపట్నము కోట. జనులు బందరు కోట అందురు.

డోన్‌లో కూర్చుండి బందరు ముచ్చట ఎందుకని అడుగవచ్చును. మన జంక్షనులో నిలిచి తూర్పు దిక్కు పోవు పట్టా చూడుడి. అది నంద్యాల, గిద్దలూరు, మార్కాపురము, గుంటూరు మీదుగా బెజవాడ చేరును. అక్కడ మరియొక బండి ఎక్కి గుడివాడ దాటి పోతే పట్టా అయిపోవు చోట దిగుదుము. అదే మచిలీపట్నము. ఇది ఒక కారణము. రెండవ కారణము అంతకంటె బరువైనది.

గత సంవత్సరము యువజన కూటములో బైబిలు పాఠము ముగిసిన తరువాత ఒక అబ్బాయి లేచి అడిగినాడు: "అయ్యా, కాలేజీలో స్నేహితులు అంటున్నారు, ఫిరంగులు, బైబిలు ఒకే ఓడలో వచ్చినాయని. నిజమేనా?" మేము పెద్దలము నలుగురము అక్కడనే ఉంటిమి. ఒకరు "అట్లాంటి మాటలు పట్టించుకోవద్దు నాయనా" అనిరి. మరియొకరు మిషనరీల త్యాగమును గూర్చి చెప్పిరి. అబ్బాయి కూర్చున్నాడు గాని అతని ముఖము చూచిన మాకు, జవాబు దొరకలేదని తెలిసినది. అతనికే కాదు, మాకును దొరకలేదు. శతవార్షిక సంచికలో మిషనరీల ఫొటోలు వేయబోవుచున్న మనము ఆ ప్రశ్నను దాటవేసి పోలేము. అందుచేత దొరికిన పుస్తకములు చదివి, ఆ అబ్బాయిని కూడ వెంటబెట్టుకొని, మేము బందరు పోయి వచ్చితిమి.

ముందుగా కొంచెము దూరదేశము చూచి రావలెను. సముద్రపు కోట అనునది ఎందుకు పుట్టునో తెలిసికొనుటకు ఇంగ్లండు దక్షిణ తీరము మంచి ఉదాహరణము. మన ప్రార్థన పుస్తకమునకు మూలమైన ఆంగ్లికన్ సంఘము ఏ రాజు కాలమున రోమునుండి విడిపోయినదో ఆ ఎనిమిదవ హెన్రీయే ఆ కోటలను కట్టించినవాడు. 1534లో ఆయన తానే ఇంగ్లండు సంఘమునకు శిరస్సునని చట్టము చేయించుకొనెను. 1538లో ఫ్రాన్సు రాజును, స్పెయిను నేలుచున్న చక్రవర్తియు పాత పగలు మాని సంధి చేసికొనిరి. ఆ ఏడాది చివరనే పోపు హెన్రీని వెలివేసెను. ఇద్దరు రాజులును కలిసి ఓడలెక్కి వచ్చెదరేమోనను భయము పుట్టినది. 1539 మొదలుకొని తీరము వెంబడి కోటలు లేచినవి. కెంటు తీరమున డీల్, వాల్మర్, శాండౌన్ అని మూడు కోటలు వరుసగా కట్టిరి. మన దుర్గములవలె ఎత్తైనవి కావు. పొట్టిగా, గుండ్రముగా, మందపు గోడలతో, ఫిరంగి గుండు తగిలినను జారిపోవునట్లు కట్టినవి.

రాళ్ళు ఎక్కడివి? అదే కాలమున హెన్రీ దేశములోని సన్యాసి మఠములను మూయించుచుండెను. సాలెంటు జలసంధి మీది కాల్షాట్ కోటకు బ్యూలీ మఠపు రాళ్ళు పోయినవి. దైవారాధన జరిగిన గోడలు ఫిరంగుల గోడలైనవి. ఏ దండయాత్రకు భయపడి కట్టిరో ఆ దండయాత్ర రానే లేదు. నూరేండ్ల తరువాత, 1648లో, ఆ మూడు కోటలలో పోరాటము జరిగినప్పుడు కొట్టుకొన్నది ఇంగ్లీషువారు ఇంగ్లీషువారితోనే. శాండౌన్ కోటను మాత్రము నిజమైన శత్రువు పట్టుకొన్నది. సముద్రము కొంచెము కొంచెముగా కోసి కోసి గోడల క్రిందికి వచ్చినది. 1860లలో దానిని కూలద్రోయ మొదలుపెట్టిరి. ఈ సంవత్సరమును జ్ఞాపకముంచుకొనుడి.

ఇక బందరునకు వత్తము.

గోలకొండ కుతుబ్ షాహీల కాలమున బందరు వారి పెద్ద రేవు. అక్కడి కలంకారీ బట్టలు పారసీక దేశమునకు, జావా, సుమత్రా దీవులకు పోయెడివి. ఆ బట్టల కొరకే డచ్చివారు 1605లో వచ్చి గిడ్డంగి పెట్టిరి. 1611లో గ్లోబ్ అను ఓడలో ఇంగ్లీషువారు వచ్చిరి. తరువాత 1669లో ఫ్రెంచివారు వచ్చిరి. వచ్చినవారెవరును రాజ్యమడుగలేదు, స్థలము అడిగిరి, సుంకము తగ్గించమనిరి. అధికారుల వేధింపు పడలేక 1628లో ఇంగ్లీషువారు దుర్గరాజపట్నమునకు పారిపోయి, కొద్ది ఏండ్లకు గోలకొండ సుల్తాను ఫర్మానా తీసికొని తిరిగి వచ్చిరి. 1639లో చెన్నపట్నము స్థలము సంపాదించిన ఫ్రాన్సిస్ డే కూడ ఈ తీరమున వ్యాపారము చేసినవాడే. అంతవరకు బందరులో వారిది అంగడి బ్రతుకు.

1750లో ఫ్రెంచివారు బందరును పట్టుకొనిరి. హైదరాబాదులో బుస్సీ పలుకుబడి పెరిగి 1753లో ఉత్తర సర్కారులన్నియు వారి చేతికి వచ్చినవి. అప్పుడు కోటను బలపరచిరి. పదునొకండు బురుజులు, మట్టి కట్ట, దానికి కట్టుబడి ముఖము, చుట్టును నీటి కందకము. దక్షిణమున సముద్రపు పాయ ఉండుటచేత ఆ ప్రక్క గోడ అక్కరలేదని విడిచిరి. మన కొండ కోటలకు ఎక్కుటకు కష్టమే కాపుదల. ఈ కోటకు బురదయే కాపుదల. కాలు పెట్టినవాడు మోకాలివరకు దిగబడును. తడి నేల అంటే చెరువు అడుగు మాత్రమే చూచిన మనవంటివారికి ఆ నేల ఎట్టిదో నిలువబడితే తప్ప తెలియదు. మాలో ఒక పెద్దాయన చెప్పు ఒకటి ఆ బురదలోనే ఉండిపోయినది.

1758లో విజయనగరము ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిమీద కోపముతో ఇంగ్లీషువారిని పిలిచెను. కలకత్తానుండి క్లైవు కల్నల్ ఫోర్డును పంపెను. డిసెంబరు 7న చందుర్తి యొద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడి, వెనుకకు వెనుకకు జరిగి బందరు కోటలో దూరెను. 1759 మార్చి 6న ఫోర్డు కోట ముందరికి వచ్చెను. ఆయన స్థితి చూడుడి. ముట్టడించువారికంటె లోపలివారే యెక్కువ. జీతములు లేక ఆయన తెల్ల సిపాయిలే ఒకసారి తిరుగబడిరి. వెనుకనుండి సలాబత్ జంగ్ సైన్యముతో వచ్చుచుండెను. రెండు దినములకు చాలునంత మందు మాత్రము మిగిలినది. వెనుకకు పోవుటకు దారి లేక ముందుకే దూకెను. ఏప్రిల్ 7 రాత్రి, సముద్రపు పోటు తగ్గి కందకములో నీరు సన్నగిల్లు వేళ చూచి, కోటలో అర్ధరాత్రి గంటలు కొట్టు సమయమునకు దాడి జరిగినది. ఒక పటాలము పడమట బురద ప్రక్క మోసపు దాడి చేసినది. అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద. తెల్లవారుసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగెను. మరి కొద్ది దినములకే అతని సహాయమునకు ఫ్రెంచి ఓడలు తీరమున కనబడినవి గాని, కోటమీది జెండా మారి యుండెను.

ఈ యుద్ధమును వ్రాసిన ఇంగ్లీషు గ్రంథకర్తలు కెప్టెన్ యార్క్ అనువాని పరాక్రమమును మెచ్చుకొనిరి. వెనుదీసిన సిపాయిలను పిలుచుకొని గోడవెంట ముందుకు పోయినవాడతడు. అతని ప్రక్కన ఇద్దరు నల్ల పిల్లలు డ్రమ్ములు కొట్టుచు నడిచిరట. గుండు తగిలి ఇద్దరును అక్కడనే చనిపోయిరి. యార్క్ తొడలలో గుండ్లు దిగి పడిపోయెను. యార్క్ పేరు మిగిలినది. ఆ పిల్లల పేర్లు లేవు. వారు తెలుగువారో, అరవవారో, ఎక్కడినుండియో తేబడినవారో కూడ ఎవరును వ్రాయలేదు. యుద్ధ వృత్తాంతములో ఇది అర వాక్యము. చదువుచున్నప్పుడు మేము దానిని దాటలేకపోతిమి.

1759 మే 14న సలాబత్ జంగ్ సంధి చేసికొని బందరును, చుట్టునున్న ప్రాంతములను ఇంగ్లీషువారికి ఇచ్చెను. ఆ రాత్రితో తెలుగు తీరమున ఫ్రెంచివారి పని తీరినది. అంగడివాడు దొర అయినాడు. మన సీమ మాటకు వస్తే, 1800లో నిజాము మనలను ఇంగ్లీషువారికి దత్తత ఇచ్చినట్లు ఇచ్చివేసెను. దత్త మండలములను పేరు అందుచేతనే వచ్చినది. 1839లో కర్నూలు నవాబు కోటలో మందుగుండు దాచినాడని చెప్పి కర్నూలును కూడ కలుపుకొనిరి. బందరు బురదలో మొదలైన అడుగు ఎనుబదేండ్లలో తుంగభద్ర ఒడ్డునకు వచ్చినది.

ఇప్పుడు అబ్బాయి ప్రశ్న. ఫిరంగియు, బైబిలును ఒకే ఓడలో వచ్చినవా?

లెక్క వేసి చూతము. ఇంగ్లీషువారు బందరులో దిగినది 1611. తెలుగువారికి సువార్త చెప్పుటకు బందరునకు చర్చి మిషనరీ సొసైటీ వారు వచ్చినది 1841. మధ్య రెండువందల ముప్పది సంవత్సరములు. ఈ కాలమంతయు ఆ కోటలో, ఆ గిడ్డంగిలో క్రైస్తవులమని చెప్పుకొన్నవారు ఉండిరి. ఆదివారము ఆరాధన వారికొరకు జరిగెడిది. గోడ బయటి నేతగాడు, ఉప్పు మోయువాడు, పడవవాడు వారి లెక్కలలో ఉన్నారు గాని ప్రార్థనలలో ఉన్నట్లు కనబడదు. పైగా కుంఫిణీ వారు మిషనరీలను అనుమానముతో చూచిరి. వ్యాపారమునకు అడ్డు వచ్చెదరని వారి భయము. కేరీ వంటివాడు కూడ డేనులవారి ఊరైన సీరాంపూరులో తలదాచుకొని పనిచేయవలసి వచ్చినది. 1813 చార్టరుతోనే ఆ తలుపు సరిగా తెరచుకొన్నది. కనుక ఒకే ఓడ అనుట సరికాదు. ఫిరంగి ముందు వచ్చినది, బైబిలును చాలకాలము రేవులోనే నిలిపిరి.

అయితే ఇంతటితో మనము చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. 1800లో మన సీమ ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. పదేండ్లకు, 1810లో, లండను మిషను హ్యాండ్స్ దొర బళ్ళారి వచ్చెను. 1822లో హోవెల్ దొర కడపకు వచ్చెను. తరువాత ఎస్.పి.జి. మిషను ఆయనను చేర్చుకొని కడప, కర్నూలు జిల్లాలలో పని సాగించెను. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల సంఘములు అట్లు పుట్టినవే. ఫిరంగి వేసిన బాటమీద మిషనరీ బండి నడిచినది. బందరు మిషనునకు కూడ అక్కడి ఇంగ్లీషు ఉద్యోగులే చందాలెత్తి మనుష్యులను పంపుమని వ్రాసిరి. ఇది దాచవలసిన సంగతి కాదు. అంతకు నూరేండ్ల ముందే ఫ్రెంచి జెస్యూట్ గురువులు కాషాయము కట్టుకొని, శాకాహారము తినుచు, కాలినడకను మన సీమలో తిరిగిరని కూడ చెప్పవలెను. వారి వెనుక కోట లేదు. రోమన్ కతోలికులు గనుక మన సంచికలలో వారి మాట సాధారణముగా రాదు. ఈసారియైన రావలెనని మా కోరిక.

బందరునకు 1841లో వచ్చిన ఇద్దరిలో ఒకరు హెన్రీ ఫాక్స్ దొర, రెండవవారు రాబర్టు నోబుల్ దొర. ఫాక్స్ గారు పల్లెలు తిరిగి బోధించెడివారు. ఎండకు ఆరోగ్యము చెడి 1848లోనే చనిపోయిరి. నోబుల్ గారు 1843లో బడి పెట్టిరి. ఇరువదినాలుగేండ్లలో ఒక్కసారియైన తన దేశమునకు తిరిగి పోలేదు. పెండ్లి చేసికొనలేదు. 1852లో ఆ బడిలో చదివిన ఇద్దరు అగ్రకులపు యువకులు బాప్తిస్మము పుచ్చుకొనగా ఊరంతయు అట్టుడికి బడి ఖాళీ అయినది. అయినను ఆయన బెదరలేదు. ఆ బడియే తరువాత నోబుల్ కాలేజీ అయినది.

ఇవన్నియు గొప్ప సంగతులే. మనము వాటిని సంతోషముతో చెప్పుకొందుము. కాని మరియొక సంగతి కూడ ఉన్నది. నోబుల్ గారి బడిలో మన తాతలకు చోటు లేదు. అగ్రకులముల పిల్లలు రావలెనంటే అంటరానివారని ఎంచబడిన పిల్లలను చేర్చుకొనకూడదని ఆయన నియమము. మొదట పైవారు మారితే క్రిందివారు తరువాత వచ్చెదరని ఆయన తలంపు. దుర్బుద్ధితో చేయలేదు, ఒప్పుకొందుము. అయినను, కోటకు కందకమున్నట్లే బడికిని ఒక కందకముండెను. దానిని త్రవ్వినది కుంఫిణీ కాదు, మనము గౌరవించు మిషనరీయే. బందరులో ఆ కాలేజీ ముందర నిలిచినప్పుడు మాలో ఒకరు మెల్లగా అనిరి: "మా తాతగారు ఆ కాలమున వచ్చి ఉంటే ఈ గేటు దగ్గరనే నిలబెట్టి ఉండేవారు." ఎవరమును బదులు చెప్పలేదు.

దేవుని త్రోవ వేరుగా ఉండెను. ఫోర్డు కోటను పట్టిన సరిగా నూరేండ్లకు, 1859 మార్చిలో, బందరునకు చాల దూరమున రాఘవాపురము అను పల్లెలో పగోలు వెంకయ్య అనునతడు బాప్తిస్మము పొందెను. అతడు మాల కులమువాడు. దొంగ గుంపులకు నాయకుడై తిరిగినవాడని చెప్పుదురు. విగ్రహములు మాని, తనకు పేరు తెలియని దేవునికి కొంతకాలముగా ప్రార్థన చేసికొనుచుండెను. బెజవాడ యొద్ద డార్లింగు దొర మాటలు విని, నేను వెదకువాడు ఈయనే అని పట్టుకొనెను. ఎవరును అతని పల్లెకు పోయి పిలువలేదు. అతడే వచ్చెను, అతడే తన జనులయొద్దకు పోయి చెప్పెను. కృష్ణా మండలపు మాలపల్లెలలో సంఘములు అతని నడకవెంట పుట్టినవి. మన సీమలోను అంతే. ధాత కరువు అని పెద్దలు చెప్పుకొన్న 1876, 1877 సంవత్సరములలోను, ఆ తరువాతను మన పల్లెలు చేరినవి. గంజి కొరకు చేరిరని ఎగతాళి చేసినవారు ఉండిరి. గంజి కేంద్రములు మూసిన తరువాత కూడ చేరినవారు చేరినట్లే నిలిచిరి గదా. ఈ సంగతి ఎగతాళి చేసినవారు వ్రాయలేదు.

ఇక 1864. జ్ఞాపకముంచుకొనుడని ముందు చెప్పితిమి. అక్కడ ఇంగ్లండులో శాండౌన్ కోటను సముద్రమునకు విడిచిపెట్టుచున్న ఆ దినములలోనే ఇక్కడ నవంబరు 1 రాత్రి బందరుమీద తుపాను విరుచుకొని పడినది. గాలి ఒక ఎత్తు, దాని వెంట వచ్చిన ఉప్పెన మరియొక ఎత్తు. పెద్ద పోటుకు మీదుగా పదమూడు అడుగుల నీరు గోడవలె లేచి చీకటిలో ఊరిమీదికి వచ్చినది. ఒకచోట పదునేడు మైళ్ళు లోనికి చొచ్చుకొని పోయినది. తీరము పొడుగున ఎనుబది మైళ్ళు మునిగినది. చనిపోయినవారు సుమారు ముప్పది వేలు. డోన్ నుండి పదునేడు మైళ్ళు అంటే ఎంత దూరమో మీలో బండి తోలినవారికి తెలియును. అంత దూరము సముద్రము నడచి వచ్చినది.

పదునొకండు బురుజులు ఏమి చేయగలవు? వేరే దేశపు ఓడలను ఆపుటకు కట్టిన కోట అది. నీటిని ఆపుటకు కట్టలేదు. కోటలోనివారును పోయిరి, బయటివారును పోయిరి. షార్కీ దొరగారును, దొరసానిగారును నడిపిన ఆడపిల్లల బోర్డింగు స్కూలులో చాలమంది పిల్లలు ఆ రాత్రి మునిగి చనిపోయిరి. నోబుల్ గారు బ్రతికిరి గాని మరుసటి సంవత్సరము అక్టోబరులో బందరులోనే కన్ను మూసిరి. కోటలోని దండును తీసివేసిరి. రెండు దేశములు ప్రాణములిచ్చి కొట్టుకొన్న కోట, ఎవరికిని అక్కరలేనిదై విడువబడినది. బడి మాత్రము మరల తెరచిరి.

మేము పోయినప్పుడు అక్కడ మిగిలినవి శిథిలమైన కొన్ని కట్టడములు, పెచ్చులూడిన ఇటుక గోడలు, వాటిమీద మొలచిన రావి మొక్కలు. ఏ బురుజు ఎక్కడిదో చెప్పుట కష్టము. ఈశాన్యపు బురుజు ఇక్కడ ఉండవచ్చునని ఒక దిబ్బ చూచి అనుకొంటిమి. ఆ అబ్బాయి దానిమీద కాసేపు నిలిచి ఫొటో తీయించుకొనలేదు. మేము అడిగితిమి గాని వద్దన్నాడు.

సాయంకాలము వల బాగుచేసికొనుచున్న ఒక ముసలాయన మమ్ములను పలుకరించెను. "ఏ ఊరండీ మీది?" అనెను. డోన్ అంటే ఆయనకు తెలియలేదు. కర్నూలు ప్రక్క, ఇప్పుడు నంద్యాల జిల్లా అని చెప్పితిమి. "రాయలసీమ వాళ్ళా! అక్కడ నీళ్ళుండవంట గదండీ, నిజమేనా?" అనెను. నిజమే, వానకొరకు ప్రార్థన చేసికొందుము అంటిమి. ఆయన నవ్వి, "మేం రాకూడదని చేస్తామండీ" అనెను. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమలో వారి చుట్టములు పోయిరట. ఎందరు అని మేము అడుగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ఉప్పెనలో వేలకొలది జనులు పోయిన తరువాత తీరపు పల్లెలలో తుపాను షెల్టర్లు కట్టిరి. ఎత్తు స్తంభములమీద, క్రింద నీరు పోవుటకు దారి విడిచి కట్టినవి. సముద్రపు అంచున కట్టవలసిన కోట ఎట్టిదో ఇప్పటికి తెలిసినది అని మాలో ఒకరు అనిరి. ముసలాయనకు ఆ మాట నచ్చినట్లున్నది, వల ప్రక్కన పెట్టి మాకు టీ తెప్పించెను.

తిరుగు బండిలో, గుంటూరు దాటిన తరువాత, అబ్బాయి మరల ప్రశ్న వేసినాడు. మొదటి ప్రశ్నకు జవాబు తానే కూర్చుకొన్నట్లున్నాడు, దాని మాట ఎత్తలేదు. "ఆ డ్రమ్ములు కొట్టిన పిల్లల పేర్లు ఏ పుస్తకములోనైనా ఉండవా అయ్యా?" అనినాడు. మేము చూచినంతలో లేవు అంటిమి. "బోర్డింగు స్కూలు పిల్లలవి?" మేము చదివిన వాటిలో లేవు. "మన సంఘములో మొదట బాప్తిస్మము తీసుకొన్నవాళ్ళవి?"

అప్పటికి మేము మన పాత రిజిస్టరు తెరచి చాలకాలమైనది. వచ్చిన మరుసటి ఆదివారమే తీసి చూచితిమి. మొదటి పుటలు చెదలు తిన్నవి. ఎనిమిదవ పుటనుండి చదువవచ్చును. అందులో కొన్నిచోట్ల తండ్రి పేరున్నది, తల్లి పేరు లేదు. కొన్నిచోట్ల "కుటుంబము, అయిదుగురు" అని మాత్రమే వ్రాసిరి. దొరగారి సంతకము మాత్రము ప్రతి పుటలోను స్పష్టముగా ఉన్నది.

యువజనులు ఇప్పుడు ఆ పేర్లను ఒక క్రొత్త పుస్తకములోనికి ఎత్తి వ్రాయుచున్నారు. ఖాళీలు చాల ఉన్నవి. మీ ముత్తాతల, ముత్తవ్వల పేర్లు, వారు ఏ పల్లెనుండి వచ్చిరో తెలిసిన పెద్దలు ఆదివారము ఆరాధన అయిన తరువాత వరండాలో ఆ అబ్బాయిని కలిసి వ్రాయించగోరుచున్నాము. ఇంటిలో చదువు రాని ముసలివారుంటే కబురు చేయుడి, వారే మీ ఇంటికి వచ్చి వ్రాసికొందురు.